ఆఫ్రికా జనం ఎదురు తిరగలేదా? మంత్రించిన నీళ్ళ కథ, దాని వెనక ఆకలి

ఇక్కడ ఒకరు ఆఫ్రికా గురించి అడిగింది ఒక ప్రశ్నలా ఉంది గానీ అందులో మూడున్నాయి. యూరప్ దేశాలు పాతిక ముప్ఫై ఏళ్ళలో ఆఫ్రికా మొత్తాన్ని ఎలా పట్టుకోగలిగాయి, అక్కడి జనం ఎందుకు ఎదురు తిరగలేదు, టాంజానియాలో ఎవరో మంత్రించిన నీళ్ళు చల్లుకుని మెషిన్ గన్నుల మీదికి వెళ్ళారట, అది నిజమేనా అని. చివరి దానికి ఇప్పటికే జవాబు రాసిన ఇద్దరు ముగ్గురు "మూఢనమ్మకాల వల్లే పోయారు" అని తేల్చేశారు. ఆ మాట చదివాక మనసు ఊరుకోలేదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నేను ఆరేళ్ళు ఇథియోపియా ఉత్తరాన టిగ్రాయ్‌లో, తర్వాత ఐదేళ్ళు టాంజానియాలో ఇరింగా ఊళ్ళో చరిత్ర పాఠాలు చెప్పాను. మన వైపు నుంచి ఇథియోపియా కాలేజీలకు వెళ్ళి పనిచేసిన లెక్చరర్లు చాలామందే ఉన్నారు, కాబట్టి ఇందులో నా గొప్పేమీ లేదు. కాకపోతే ఆ రెండు చోట్లా పుస్తకాల్లో చదివిన యుద్ధాలు జరిగిన నేల మీద నిలబడి, ఆ యుద్ధాలు చేసినవాళ్ళ మునిమనవలకే పాఠం చెప్పాల్సి వచ్చింది. అప్పుడు చాలా విషయాలు వేరేగా కనబడ్డాయి.

ముందు సూటిగా జవాబు. ఎదురు తిరిగారు, దాదాపు ప్రతిచోటా తిరిగారు. కొన్ని యుద్ధాల్లో తుపాకులున్న సైన్యాన్ని ఈటెలతోనే గెలిచారు. చివరికి వాళ్ళలో ఎక్కువమందిని లొంగదీసింది ఆకలి. గాదెలు తగలబడి, పశువులు పోయి, విత్తడానికి గింజ లేక లొంగారు. మెషిన్ గన్ను గురించి అందరూ మాట్లాడతారు, ఈ ఆకలి గురించి ఎవరూ మాట్లాడరు.

మనకి స్కూల్లో చెప్పే కథ ఎలా ఉంటుందంటే, 1884 నవంబర్ నుంచి 1885 ఫిబ్రవరి దాకా బెర్లిన్‌లో పద్నాలుగు దేశాల వాళ్ళు బల్ల చుట్టూ కూర్చున్నారు, మ్యాపు మీద స్కేలు పెట్టి గీతలు గీశారు, అయిపోయింది అని. ఆ బల్ల దగ్గర ఒక్క ఆఫ్రికన్ కూడా లేడన్నది నిజమే. కానీ ఆ సమావేశం ఆఫ్రికాని పంచిపెట్టలేదు. కాంగో, నైజర్ నదుల మీద వ్యాపారం ఎలా సాగాలి, తీరంలో ఎవరైనా ఒక చోటు తమదని చెప్పుకోవాలంటే అక్కడ నిజంగా అధికారం నడుపుతున్నట్టు ఎలా చూపించాలి అన్న నియమాలు పెట్టుకున్నారు, అంతే. అప్పటికి లోపలి ప్రాంతాల్లో చాలాచోట్ల వాళ్ళ మనిషి అడుగు కూడా పెట్టలేదు. కాగితం మీద రాసుకున్నదాన్ని నేల మీద నిజం చేసుకోవడానికే ఆ తర్వాతి పాతికేళ్ళూ పట్టింది. ఆ పాతికేళ్ళ కథంతా యుద్ధాలే.

మన మనసులో ఉండిపోయిన ఇంకో బొమ్మ ఆమ్‌డర్మన్ యుద్ధం. 1898 సెప్టెంబర్ 2న సూడాన్‌లో ఒక్క పొద్దున పది వేలమందికి పైగా మహ్దీ సైనికులు (మహ్దీ అనే మత నాయకుడు స్థాపించిన సూడాన్ రాజ్యం వాళ్ళు) చనిపోయారు, బ్రిటిష్-ఈజిప్ట్ సైన్యంలో చనిపోయింది 48 మంది. ఈ లెక్క చూసి అన్ని యుద్ధాలూ ఇలాగే జరిగాయనుకుంటాం. నిజానికి ఎదురెదురుగా మైదానంలో జరిగిన అలాంటి యుద్ధాలు తక్కువ. నేనున్న ఇరింగా సంగతే చెప్తాను.

ఇరింగా చుట్టుపక్కల హెహె అనే జనం ఉంటారు. 1890 ప్రాంతాల్లో వాళ్ళ రాజు మ్క్వావా. టాంజానియా తీరాన్ని అప్పటికే పట్టుకున్న జర్మన్లు అక్కడి నుంచి లోపలికి వస్తూ 1891లో ఎమిల్ ఫాన్ జెలెవ్‌స్కీ అనే అధికారిని పెద్ద దళంతో పంపారు. మూడు వందలకు పైగా ఆస్కారీలు (అంటే జర్మన్ల జీతం తీసుకునే ఆఫ్రికన్ సిపాయిలు), సామాను మోసే కూలీలు, ఫిరంగులు. ఆగస్టు 17న లుగాలో దగ్గర ఇరుకు దారిలో బారులు తీరి నడుస్తున్న ఆ దళం మీద పొదల్లోంచి, రాళ్ళ వెనక నుంచి హెహెలు ఒక్కసారిగా పడ్డారు. చేతుల్లో ఎక్కువగా ఈటెలే. కాసేపట్లోనే జెలెవ్‌స్కీతో సహా పది మంది దాకా యూరోపియన్లు, సుమారు 250 మంది ఆస్కారీలు పోయారు. మంచి తుపాకి ఉన్నా దాన్ని ఎక్కుపెట్టే సమయం దొరకాలి కదా, మ్క్వావా ఆ సమయమే ఇవ్వలేదు.

జర్మన్లు మూడేళ్ళు ఆగి, 1894 అక్టోబర్‌లో ఫిరంగులతో వచ్చి ఆయన రాతి కోట కలెంగాని పడగొట్టారు. ఆయన దొరకలేదు. మరో నాలుగేళ్ళు అడవుల్లో తిరుగుతూ పోరాడాడు. ఆయన తలకి 5,000 రూపాయలు వెల కట్టారు. అవును, రూపాయలే. గుజరాతీ వ్యాపారుల వల్ల ఆ తీరమంతా మన రూపాయే చెల్లేది, జర్మన్లు కూడా తమ నాణేన్ని ఆ పేరుతోనే ముద్రించారు. 5,000 రూపాయలంటే ఆ రోజుల్లో ఒక పల్లె మొత్తం జీవితకాలంలో చూడనంత డబ్బు, అయినా ఏళ్ళ తరబడి ఎవరూ పట్టివ్వలేదు. అప్పుడు జర్మన్లు ఆయన్ని వెతకడం కన్నా ఆయనకి అన్నం పెట్టేవాళ్ళని వెతకడం మొదలుపెట్టారు. ఊళ్ళు కాల్చారు, ధాన్యం ఎత్తుకెళ్ళారు, పశువులు తోలుకెళ్ళారు. 1898 జులై 19న, సైనికులు దగ్గరికి వచ్చేసరికి ఆయన తనని తాను కాల్చుకున్నాడు. తల నరికి జర్మనీ తీసుకుపోయారు. ఆ పుర్రెని తిరిగివ్వాలని 1919 వెర్సాయ్ ఒప్పందంలో ప్రత్యేకంగా 246వ అధికరణంలో రాశారు, అయినా అది తిరిగొచ్చింది 1954లో, బ్రెమెన్ మ్యూజియం నుంచి. ఇప్పుడు కలెంగాలో ఒక చిన్న మ్యూజియంలో గాజు పెట్టెలో ఉంది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు నాతో వచ్చిన హెహె విద్యార్థులు ఆ పెట్టె ముందు టోపీలు తీసి చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డారు. అది చూశాక నేను ఈ పాఠాన్ని ఇదివరకులా చెప్పలేకపోయాను.

ఇక మంత్రించిన నీళ్ళ సంగతి. దీన్ని మాజి మాజి తిరుగుబాటు అంటారు. మాజి అంటే స్వాహిలీలో నీళ్ళు (మనం మాజీ మంత్రి అంటామే, ఆ మాజీకీ దీనికీ సంబంధం లేదు). నీళ్ళ సంగతి తర్వాత, ముందు పత్తి గురించి తెలియాలి.

1898లో జర్మన్లు గుడిసె పన్ను పెట్టారు, ఏడాదికి మూడు రూపాయలు. డబ్బే వాడని రైతు మూడు రూపాయలు ఎక్కడి నుంచి తేవాలి? కూలికి వెళ్ళాలి, లేదా వాళ్ళు చెప్పిన పంట వెయ్యాలి. పన్ను అసలు ఉద్దేశమే అది. ఖజానా నింపుకోవడం ఒక ఎత్తు, జనాన్ని ఇంటి నుంచి బయటికి లాగి పనిలో పెట్టడం ఇంకో ఎత్తు. ఇది జర్మన్ల ఒక్కళ్ళ తెలివి కాదు. దక్షిణాఫ్రికా నాటాల్‌లో బ్రిటిష్ వాళ్ళు సరిగ్గా ఇదే చేశారు, అక్కడ మనవాళ్ళకి కూడా ఆ దెబ్బ తగిలింది. 1860 నుంచి మద్రాసు రేవు గుండా చెరకు తోటలకు వెళ్ళిన తెలుగు, తమిళ కూలీలు ఒప్పందం ముగిశాక అక్కడే స్వేచ్ఛగా బతకాలనుకుంటే ఏడాదికి మూడు పౌన్లు కట్టాలని 1895లో చట్టం చేశారు. కట్టలేకపోతే మళ్ళీ ఒప్పందం మీద వేలిముద్ర వెయ్యాలి, లేదా ఇంటికి పోవాలి. పదేళ్ళ తర్వాత జులూల మీద తలకి ఒక పౌను పన్ను వేశారు, దాని మీదే 1906లో బంబాథా నాయకత్వంలో జులూలు లేచారు, మూడు వేలకు పైగా చనిపోయారు. పన్ను కాగితం చూడ్డానికి చిన్నదిగా ఉంటుంది గానీ ఆఫ్రికాలో చాలా తిరుగుబాట్లు దాంతోనే మొదలయ్యాయి.

టాంజానియాకి వస్తే, 1902 నుంచి గవర్నర్ గోట్సెన్ దక్షిణ ప్రాంతంలో ప్రతి ఊరి పెద్ద కిందా ఒక ఉమ్మడి పత్తి చేను పెట్టించాడు. ఊరంతా వంతులేసుకుని అందులో పని చెయ్యాలి. దీనికి మన భాషలో వెట్టి అనే మాట సిద్ధంగా ఉంది, ఎక్కువ వివరించక్కర్లేదు. పైన అకిడా అనే అధికారి, ఎక్కువగా తీరప్రాంతం వాడు, చేతిలో కిబోకో, అంటే నీటిగుర్రం తోలుతో చేసిన కొరడా. పంట అమ్మాక పనిచేసిన వాళ్ళకి చేతిలో పెట్టింది ఎంత తక్కువంటే కొన్ని చోట్ల జనం ఆ చిల్లర తీసుకోవడానికే ఒప్పుకోలేదు. డబ్బు కన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. పత్తి పనీ సొంత చేను పనీ ఒకే రోజుల్లో పడతాయి. మగవాళ్ళు పత్తిలో ఉంటే ఇంటి జొన్న చేను కలుపులో మునుగుతుంది, అడవిపందులు వచ్చి పంట తవ్వేస్తాయి. పైగా వేట మీద జర్మన్లు ఆంక్షలు పెట్టారు, వలలు పట్టుకుని వెళ్ళి పందుల్ని చంపుదామన్నా నేరమే. ఇదంతా యుద్ధానికి ముందు సంగతి. అంటే ఆకలి అప్పటికే గుమ్మంలో ఉంది.

1904లో రుఫిజి నదికి దక్షిణాన న్గరంబే అనే చోట కింజికిటిలే న్గ్వాలే అనే మనిషికి పూనకం వచ్చింది. హోంగో అనే దేవత ఆయన్ని మడుగులోకి లాక్కుపోయిందని, మర్నాడు బట్టలు తడవకుండా పైకి వచ్చాడని అక్కడివాళ్ళు చెప్పుకున్నారు. నీళ్ళలో ఆముదం, జొన్న గింజలు కలిపి ఇచ్చేవాడు. ఇది ఒంటిమీద ఉంటే తెల్లవాడి తూటా నీళ్ళై జారిపోతుందన్నారు. జనం పల్లెలకు పల్లెలే బయల్దేరి న్గరంబేకి వచ్చేవాళ్ళు, నీళ్ళు తీసుకుని, కవాతులాంటివి నేర్చుకుని వెళ్ళేవాళ్ళు. జర్మన్ అధికారులు చూసి ఏదో తిరునాళ్ళు అనుకున్నారు.

ఇక్కడే "మూఢనమ్మకం" అన్నవాళ్ళతో నాకు పేచీ. ఆ ప్రాంతంలో ఇరవైకి పైగా తెగలున్నాయి. భాషలు వేరు, పాత పగలున్నాయి, అందరికీ కలిపి ఒక రాజు లేడు, సైన్యం లేదు, తపాలా లేదు. వీళ్ళందర్నీ ఒకే మాట మీద నిలబెట్టడానికి ఏ పార్టీ ఉంది, ఏ పత్రిక ఉంది? ఆ పని చేసింది ఆ నీళ్ళు. ఒకే మడుగు నీళ్ళు తాగినవాళ్ళు ఒకే ఇంటివాళ్ళవుతారు, ప్రమాణం చేసినట్టు. గుసగుసగా ఒకరి చెవి నుంచి ఒకరి చెవికి పాకిన ఆ ప్రచారానికి అక్కడి మతుంబి తెగ భాషలో ఒక పేరే ఉంది, న్జ్వివిలా అంటారు. ఏడాది పాటు వేలమంది నోట నడిచినా అది ప్రభుత్వం దాకా పోలేదు. అంత రహస్యం కాపాడటం అమాయకుల వల్ల అయ్యే పనేనా, మీరే ఆలోచించండి.

కింజికిటిలే వెంటనే యుద్ధం చెయ్యమనలేదు, తను చెప్పేదాకా ఆగమన్నాడు. మతుంబి కొండల్లోని వాళ్ళు ఆగలేకపోయారు. 1905 జులై చివర్లో నందెతె అనే ఊళ్ళో కొందరు పత్తి చేలోకి వెళ్ళి మొక్కలు పీకారు. యుద్ధ ప్రకటన అంటే అదే! తుపాకి పేల్చలేదు, కోట మీద పడలేదు. తమ చేత బలవంతంగా నాటించిన మొక్కని వేళ్ళతో సహా లాగి పారేశారు. అకిడాకి అర్థమైపోయింది, ప్రాణభయంతో పరిగెత్తాడు. జర్మన్లు ఆగస్టు 4నే కింజికిటిలేని పట్టి ఉరి తీశారు. నాయకుడు పోతే చల్లారుతుందనుకున్నారు, కానీ అప్పటికే నీళ్ళు దాటిపోయాయి. న్గిందోలు, పొగోరోలు, బుంగాలు, సెప్టెంబర్‌కల్లా న్గోనీలు, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు లేచారు.

ఆగస్టు 30న మహెంగేలోని జర్మన్ల కోట మీద దాడి జరిగింది. వేలమంది వచ్చారు. కోటలో రెండు మెషిన్ గన్నులున్నాయి. మొదటి వరసలు కూలిపోతుంటే వెనకవాళ్ళు వాళ్ళ మీదుగా నడిచి వచ్చారు. ఆ రోజు వందలమంది పోయారు. అందరూ గుర్తుపెట్టుకున్న బొమ్మ ఇదే, మీరు విన్నది కూడా ఇదే అయుంటుంది. నీళ్ళు తూటాని ఆపవని ఆ రోజే తెలిసిపోయింది. అక్టోబర్‌కల్లా న్గోనీలకి కూడా తెలిసిపోయింది.

మరి తెలిశాక ఏం చేశారు? ఇళ్ళకి పోలేదు. మూఢనమ్మకమే యుద్ధానికి కారణమైతే నమ్మకం పోయిన రోజున యుద్ధం కూడా పోవాలి కదా. అది 1907 దాకా నడిచింది. మైదానంలో ఎదురుపడటం మానేసి, చిన్న గుంపులుగా విడిపోయి, అడవిలోంచి కొట్టి అడవిలోకి పోవడం మొదలుపెట్టారు. న్గోనీ నాయకుడు చబ్రుమా అలాగే నెలల తరబడి వాళ్ళని ముప్పతిప్పలు పెట్టాడు. ఏ దేశంలోనైనా బలవంతుడితో పోరాడే పేదవాళ్ళు చేసేది అదే.

అప్పుడు జర్మన్లు మ్క్వావా మీద నేర్చుకున్న పాఠాన్ని ఒక రాష్ట్రమంత నేల మీద అమలుచేశారు. ఫాన్ వాంగెన్‌హైమ్ అనే అధికారి పైవాళ్ళకి రాసిన దాంట్లో స్పష్టంగా చెప్పాడు, సైనిక చర్యలు సముద్రంలో బొట్టులాంటివని, చివరికి వీళ్ళని లొంగదీసేది ఆకలి, లేమి మాత్రమేనని. గవర్నర్ మూడు దళాలు పంపాడు. అవి వెళ్ళిన ప్రతి ఊళ్ళో గాదెలు కాల్చాయి, తీసుకుపోగలిగిన ధాన్యం తీసుకుపోయాయి, చేలల్లో పంట తొక్కించాయి. తరవాతి ఏడు విత్తడానికి గింజ మిగలకుండా చూశాయి. జనం దుంపలు, ఆకులు, వేర్లు తవ్వుకుని తిన్నారు. ఆకలితో ఉన్న ఒళ్ళు రోగాలకి ఆగదు. జర్మన్ ప్రభుత్వం ఒప్పుకున్న లెక్కే 75,000 మంది. టాంజానియా చరిత్రకారుడు గిల్బర్ట్ గ్వాసా తర్వాత లెక్కలు వేసి రెండున్నర నుంచి మూడు లక్షల దాకా చెప్పాడు, అంటే ఆ ప్రాంతపు జనంలో మూడో వంతు. జర్మన్ల పక్షాన చనిపోయిన యూరోపియన్లు పదిహేను మంది, ఆస్కారీలు నాలుగు వందల లోపు. ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. తూటాలకి పోయినవాళ్ళు అందులో కొంత భాగమే.

దీనికి ఇంకో తోక ఉంది. మనుషులు పోయిన చేలల్లోకి అడవి వచ్చింది, ఏనుగులు వచ్చాయి, నిద్రజబ్బు తెచ్చే సీసీ ఈగ వచ్చింది. ఖాళీ అయిన ఆ నేలలో పెద్ద భాగం తర్వాత వేట రక్షిత ప్రాంతం అయింది, సెలూస్ అన్నారు, ఇప్పుడు అందులో ఎక్కువ భాగం న్యెరెరే నేషనల్ పార్క్. టూరిస్టులు జీపుల్లో తిరుగుతూ మనిషి అడుగు పడని అడవి అని ఫొటోలు తీసుకుంటారు. అక్కడ ఒకప్పుడు ఊళ్ళుండేవి.

సరే, ఇంత చెప్పాక మీరు అడగొచ్చు, మరి ఇథియోపియా ఎలా గెలిచింది అని. అక్కడ మనుషులు ఎక్కువ ధైర్యవంతులని చాలామంది రాస్తారు. నేను ఒప్పుకోను. న్గోనీలకి ధైర్యం తక్కువై కాదు. ఇథియోపియా దగ్గర తుపాకులు ఉన్నాయి, సైన్యాన్ని మేపగలిగే రాజ్యం ఉంది. 1890లో యూరప్ దేశాలన్నీ బ్రస్సెల్స్‌లో కూర్చుని ఆఫ్రికాలో చాలా భాగానికి కొత్తరకం రైఫిళ్ళు అమ్మకూడదని ఒప్పందం చేసుకున్నాయి. ఇథియోపియా రాజు మెనెలిక్ అంతకుముందూ, ఆ తర్వాతా కూడా ఫ్రెంచి వ్యాపారుల దగ్గర, చివరికి ఇటలీ దగ్గరే తుపాకులు సంపాదించాడు. 1889లో ఇటలీతో చేసుకున్న వుచాలే ఒప్పందంలో పదిహేడో అధికరణం అమ్హారిక్‌లో "కావాలంటే ఇటలీ ద్వారా విదేశాలతో మాట్లాడుకోవచ్చు" అన్నట్టుంటే, ఇటాలియన్ కాపీలో "ఇటలీ ద్వారానే మాట్లాడాలి" అన్నట్టుంది. ఆ ఒక్క క్రియాపదం మీద యుద్ధం వచ్చింది.

ఆద్వా యుద్ధం 1896 మార్చి 1న జరిగింది. యుద్ధం గురించి అందరికీ తెలుసు, నాకు మాత్రం దాని ముందు నెలలు ఎక్కువ ముఖ్యమనిపిస్తాయి. మెనెలిక్ లక్షమంది దాకా జనాన్ని వందల మైళ్ళు ఉత్తరానికి నడిపించాడు, దారిలో ధాన్యం ముందే సిద్ధం చేయించుకుంటూ. వెంట గాడిదలు, కంచరగాడిదలు, పిండి విసిరే ఆడవాళ్ళు, వంటవాళ్ళు. మహారాణి తైతు తన సొంత దళంతో వచ్చింది. నేనుండిన మెకెలెలో ఇటలీ వాళ్ళు కొండ మీద కోట కట్టుకుని కూర్చుంటే దాని మీద దాడులు చేసి ఇథియోపియన్లు చాలామందిని పోగొట్టుకున్నారు. అప్పుడు కోట బయట ఉన్న నీటి ఊటని పట్టుకుంటే చాలని చెప్పింది తైతునే. రెండు వారాలు తిరక్కుండానే దాహంతో కోట లొంగిపోయింది. ఆ కొండ మా కాలేజీకి నడిచి వెళ్ళే దూరంలోనే ఉండేది. ఆడపిల్లలు ఈ కథ చెప్పేటప్పుడు గొంతు పెంచి చెప్పేవాళ్ళు.

ఫిబ్రవరి చివరికి రెండు సైన్యాలూ ఆకలి అంచున ఉన్నాయి. మెనెలిక్ దగ్గర ధాన్యం అయిపోవస్తోంది, ఇంకొన్నాళ్ళు అలాగే ఉంటే వెనక్కి పోవాల్సిందే. ఇటలీ జనరల్ బరాతియెరికి అది తెలుసు, అతని దగ్గరా కొద్ది రోజుల తిండే ఉంది. ఆగి ఉంటే ఏమయ్యేదో గానీ, రోమ్ నుంచి ప్రధాని క్రిస్పీ ఎత్తిపొడుపు టెలిగ్రాములు, కింద అధికారుల తొందర, ఆ టెన్షన్‌లో రాత్రికి రాత్రి 17,000కి పైగా సైన్యాన్ని కొండల్లోకి నడిపించాడు. మ్యాపు తప్పు. ఒక దళం వేరే కొండకి పోయింది. తెల్లారేసరికి విడివిడిగా దొరికిపోయారు, మధ్యాహ్నానికి ముగిసింది. ఇటలీ పక్షాన ఆరు వేలమంది దాకా చనిపోయారు, క్రిస్పీ ప్రభుత్వం పడిపోయింది, అక్టోబర్‌లో అడిస్ అబాబాలో ఇథియోపియా స్వాతంత్ర్యాన్ని ఒప్పుకుంటూ ఇటలీ సంతకం పెట్టింది. ఆకలి పందెంలో ముందుగా ఓర్పు పోగొట్టుకున్నది యూరప్ పక్షమైన యుద్ధం ఇది.

దీన్ని మరీ బంగారంలా చూపించడం కూడా న్యాయం కాదు. మెనెలిక్ తుపాకులకి కట్టిన సొమ్ములో దక్షిణాన ఒరొమో, వొలైతా ప్రాంతాలు గెలిచి తెచ్చిన ఏనుగు దంతం, పశువులు, బానిసలు కూడా ఉన్నాయి. నా క్లాసులో దక్షిణాది పిల్లలు ఆద్వా పాఠం రోజున సంతోషంగానూ ఉండేవాళ్ళు, ఇబ్బందిగానూ ఉండేవాళ్ళు, రెండూ. ఇటలీ తరఫున పోరాడి పట్టుబడ్డ ఎరిత్రియా సిపాయిలకి కుడిచెయ్యి, ఎడమకాలు నరికారు. అది కూడా చెప్పాలి.

మిగతా చోట్ల సంగతి త్వరగా చెప్తాను. పశ్చిమ ఆఫ్రికాలో సమోరి తూరే అనే రాజు 1882 నుంచి 1898 దాకా, పదహారేళ్ళు ఫ్రెంచివాళ్ళని నిలవరించాడు. ఆయన కమ్మరులు ఫ్రెంచి రైఫిళ్ళు విప్పి చూసి అలాంటివే తయారుచేశారు. రాజ్యాన్నే ఎత్తి తూర్పుకి కదిలించాడు, వెనక్కి వెళ్తూ శత్రువుకి గింజ దొరక్కుండా తనే కాల్చుకుంటూ పోయాడు, చివరికి కొండల్లో తన సైన్యమే తిండిలేక చెదిరిపోయాక దొరికాడు. నమీబియాలో 1904 ఆగస్టులో వాటర్‌బర్గ్ యుద్ధం తర్వాత జర్మన్లు హెరెరో అనే తెగవాళ్ళని ఒమహెకె ఎడారిలోకి తరిమి, నీటి గుంటల దారి మూసేశారు. 80,000 దాకా ఉన్న హెరెరోల్లో 1911 నాటికి మిగిలింది 15,000. దాన్ని జాతిహత్య అని జర్మనీ 2021లో ఒప్పుకుంది. వీటన్నిటికీ వెనక పశువుల మహమ్మారి, రిండర్‌పెస్ట్, మన పల్లెల్లో ముసర రోగం అనేవాళ్ళే, అదే. 1880ల చివర్లో ఎర్ర సముద్రం తీరాన దిగి పదేళ్ళలో దక్షిణాఫ్రికా దాకా పాకింది, చాలాచోట్ల పదింట తొమ్మిది పశువులు పోయాయి. ఇథియోపియాలో దున్నడానికి ఎడ్లు లేక 1888 నుంచి 1892 దాకా భయంకరమైన కరవు. పశువే ఆస్తి, పశువే పాడి, పశువే పెళ్ళికి ఓలి అయిన జనానికి అది పోయిన సరిగ్గా అదే సమయంలో యూరప్ సైన్యాలు లోపలికొచ్చాయి.

ఇదే ప్రశ్నకి జవాబుగా ఇంకొకరు "వాళ్ళలో వాళ్ళకే ఐక్యత లేదు, ద్రోహులే ముంచారు" అన్నారు. ఆస్కారీలు ఆఫ్రికన్లే, నిజం. కానీ జర్మన్ల మొదటి ఆస్కారీలు కైరోలో చేర్చుకున్న సూడాన్ సైనికులు. వాళ్ళకి మతుంబి రైతు ఎంత పరాయివాడో జర్మనూ అంతే పరాయివాడు. 1905లో హెహెలు మాజి మాజిలో చేరకపోగా జర్మన్ల పక్షాన నిలిచారు, ఏడేళ్ళ క్రితమే వాళ్ళ రాజు తల పోయింది, ఊళ్ళు కాలిపోయాయి, ఇంకోసారి ఆ కరవు చూసే శక్తి లేదు. "ఆఫ్రికన్" అనే గుర్తింపు అప్పటికి ఎవరికీ లేదు. అది ఇలాంటి యుద్ధాల్లోంచే మెల్లగా తయారైంది. లేని జాతికి ద్రోహం చేశారని ఎవర్నీ అనలేం.

ఓడిపోయాక ఏం మిగిలింది అంటారేమో. గోట్సెన్ వెళ్ళిపోయాక వచ్చిన గవర్నర్ ఉమ్మడి పత్తి చేల వెట్టి ఆపేశాడు. 1950ల్లో స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న న్యెరెరే (తర్వాత టాంజానియా మొదటి అధ్యక్షుడు) పార్టీ దక్షిణాదికి వెళ్ళినప్పుడు ముసలివాళ్ళు భయపడ్డారట, మళ్ళీ మాజి మాజియా, మళ్ళీ ఆకలా అని. రక్తం లేకుండా తెస్తామని వాళ్ళకి నచ్చజెప్పాల్సి వచ్చింది. 1956లో ఐక్యరాజ్యసమితిలో మాట్లాడుతూ న్యెరెరే ఈ తిరుగుబాటునే గుర్తుచేశాడు. 1968లో దారెస్సలాం యూనివర్సిటీ విద్యార్థులు ఊరూరా తిరిగి, ఆ యుద్ధం చూసిన ముసలివాళ్ళ మాటలు రాసుకున్నారు. నందెతెలో పత్తి మొక్క పీకిన సంగతి, న్జ్వివిలా అనే మాట మనకి తెలిశాయంటే ఆ పిల్లల నడక వల్లే. అప్పటిదాకా ఉన్నవి ఎక్కువగా జర్మన్ అధికారులు రాసుకున్న కాగితాలే, అందులో పైకి కనబడేది మంత్రం నీళ్ళ కథే.

ఇరింగా నుంచి ఒకసారి బస్సులో సోంగియా వెళ్ళాను, రోజంతా ప్రయాణం. ఆ ఊరి పేరు సోంగియా మ్బానో అనే న్గోనీ నాయకుడి పేరే. 1906 ఫిబ్రవరి 27న అక్కడ అరవై మందికి పైగా న్గోనీ నాయకుల్ని ఉరి తీసి ఒకే గోతిలో పూడ్చారు, ఏటా అదే రోజున జనం అక్కడ చేరతారు. సోంగియా మ్బానో సమాధి మాత్రం విడిగా ఉంటుంది. ఆయన తల జర్మనీ పోయిందని, ఇక్కడున్నది మొండెమేనని ఆ కుటుంబం చెప్తుంది. 2023 నవంబర్ 1న జర్మనీ అధ్యక్షుడు స్టైన్‌మయర్ ఆ ఊరికి వచ్చి, ఆ కుటుంబంతో కూర్చుని, క్షమించమని అడిగాడు. తలని వెతకడానికి సాయం చేస్తామని మాటిచ్చాడు.